పక్కన నడిచిన మనిషి

అబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు కొనేవాళ్ళకి ఒక చిన్న రోగం ఉంటుంది. ఏ పుస్తకం పక్కన ఏ పుస్తకం పడి ఉందో, దానిక్కూడా ఏదో అర్థం ఉందనిపిస్తుంది. నిజానికి ఏమీ ఉండదు. పట్టా మీద బస్తా కుమ్మరించినప్పుడు ఏది ఎటు దొర్లితే అటే. అయినా ఆ రోజు పోస్టాఫీసు దగ్గరి ఫుట్‌పాత్ మీద ఎడ్గార్ స్నో 'రెడ్ స్టార్ ఓవర్ చైనా', దాని కిందే అట్ట ఊడిపోయిన కార్ల్ క్రో 'ఫోర్ హండ్రెడ్ మిలియన్ కస్టమర్స్' కనబడేసరికి కూలబడిపోయాను. పక్కనే పురికొసతో కట్టిన 'చైనా పిక్టోరియల్' పాత సంచికలు నాలుగు.

స్నో పుస్తకం నా దగ్గరుంది, క్రో ఒక్కటీ ఇవ్వమన్నాను. అమ్మే అతను ఒప్పుకోలేదు. "రెండూ చైనాయే గద సార్, జోడీ ఎందుకు ఇడగొడ్తరు? రెండు వందలియ్యుండ్రి, ఈ బొమ్మల బుక్కులు ఊకెనే తీస్కపోండ్రి" అన్నాడు. బేరం నూటయాభైకి తెగింది. ప్రచార పత్రికలు కొసరుగా వచ్చాయి.

ఆ జోడీ నిజంగా జోడీయే అని ఇంటికెళ్ళాక తెలిసింది. రెండు పుస్తకాలూ 1937లోనే మొదట అచ్చయ్యాయి. ఇద్దరు రచయితలూ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం వాళ్ళు, అక్కడి విశ్వవిద్యాలయంలో కొన్నాళ్ళు చదివి, షాంఘైలో పత్రికల పని చేసినవాళ్ళు. ఒకాయన చైనాని ప్రపంచానికి చూపించాడు. ఇంకొకాయన ప్రపంచంలోని సరుకుల్ని చైనాకి చూపించాడు. ఈ వ్యాసం ఆ రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు వచ్చిన అనుమానాల గురించి. తన బొమ్మ తానే జాగ్రత్తగా గీయించుకునే దేశం గురించి ఒక బయటివాడు రాస్తే, ఆ రాతని ఎలా చదవాలి? ఎంతవరకు నమ్మాలి?

క్రోతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1883లో పుట్టిన క్రో, 1911లో షాంఘై వచ్చి అక్కడి ఇంగ్లీషు దినపత్రికలో చేరాడు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో అమెరికా ప్రభుత్వ ప్రచార కమిటీకి చైనాలో మనిషిగా పనిచేశాడు. ప్రెసిడెంట్ విల్సన్ ఉపన్యాసాల్ని చైనీస్‌లో అచ్చేయించి పంచడం ఆ పనిలో భాగం. 1918లో సొంత యాడ్ ఏజెన్సీ పెట్టాడు. సబ్బులు, సిగరెట్లు, సౌందర్య సాధనాలు, ఏవైనా సరే, వాటిని చైనా వాళ్ళ చేత కొనిపించడం ఆయన వృత్తి. దాదాపు ఇరవయ్యేళ్ళు ఆ పని చేసి, 1937లో జపాన్ బాంబులు పడ్డాక ఊరు వదిలాడు.

పుస్తకం పేరులోనే వ్యంగ్యం ఉంది. నలభై కోట్ల మంది జనం, ఒక్కొక్కరు ఏడాదికి ఒక్కటి కొన్నా మన ఫ్యాక్టరీ బతికిపోతుంది అని లెక్కలేసుకుని ఓడ దిగే ప్రతి తెల్లవాడి గురించీ క్రో నవ్వుకుంటాడు. కొనేవాడు ఆ లెక్క ప్రకారం నడుచుకోడు. తనకు అలవాటైన గుర్తు మారితే సరుకు ముట్టుకోడు. ఇంగ్లండులో పనిచేసిన బొమ్మ ఇక్కడ పనిచెయ్యదు. ఇవన్నీ క్రో తన ఓటమి కథలుగా కూడా చెబుతాడు. ఆయనకి తన కాలపు తెల్లవాడి గర్వం లేదని కాదు, పుష్కలంగా ఉంది. కొన్ని పేజీలు ఈ రోజు చదివితే ముఖం చిట్లించుకుంటాం. కానీ ఒక విషయంలో ఆయన శుభ్రంగా ఉంటాడు. నేను సరుకు అమ్మేవాణ్ణి, నాకు డబ్బిచ్చింది ఫలానా కంపెనీవాళ్ళు, నేను ఈ జనాన్ని చూసింది కొనేవాళ్ళుగా మాత్రమే అన్నది ప్రతి పేజీలోనూ తెలుస్తూనే ఉంటుంది. పాఠకుడు ఎక్కడా మోసపోడు.

అన్నట్టు, మనం నిలబడ్డ పేటకి కూడా ఒక బయటివాడి దుకాణం మీదే పేరొచ్చింది. ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టుకున్న కొట్టు అబిడ్స్ అయింది. ఇప్పుడు ఆ పక్కనే జగదీశ్ మార్కెట్‌లో చైనా ఫోన్లూ, వాటి డబ్బాలూ, వాటి నకళ్ళూ. క్రో బతికుంటే లెక్క తిరగబడిందని ఇంకో పుస్తకం రాసేవాడు.

ఇక స్నో. తెలుగు పాఠకులకి 'చైనాపై అరుణతార'గా తెలిసిన ఈ పుస్తకం మన దగ్గర ఎంతమంది జీవితాల్ని మలుపు తిప్పిందో కొత్తగా చెప్పక్కర్లేదు. 1936లో, చియాంగ్ కై షేక్ సైన్యం చుట్టూ కంచె వేసి ఉంచిన ఎర్ర ప్రాంతంలోకి ముప్ఫయ్యొకటేళ్ళ విలేఖరి ఒకడు వెళ్ళొచ్చాడు. మావో జీవితకథ మావో నోటి మీదుగా ప్రపంచానికి మొదట తెలిసింది స్నో రాతలోనే.

అది గొప్ప రిపోర్టింగే. మరి అది గొప్ప పబ్లిక్ రిలేషన్స్ కూడానా? అవును, అదీ ఇదీ ఒకేసారి. ఆ సంగతి దాచకుండా చెప్పింది స్నోయే. ఆయన వెళ్ళడానికి దారి వేసినవాళ్ళలో సున్ యట్ సేన్ భార్య సూంగ్ చింగ్ లింగ్ ఉంది. లోపలికి వెళ్ళాక చౌ ఎన్ లై కాగితం తీసుకుని తొంభై రెండు రోజుల ప్రయాణ ప్రణాళిక రాసిచ్చాడు. మావో రాత్రిళ్ళు చెప్పుకుపోతుంటే దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాడు, స్నో రాసుకున్నాడు. రాసుకున్నది మళ్ళీ చైనీస్‌లోకి పోయింది, మావో దిద్దాడు, దిద్దింది మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చింది. అంటే మనం చదివే మావో ఆత్మకథ నాలుగు చేతులు మారి, అసలు మనిషి సంతకం చేశాక వచ్చిన ప్రతి. ఈ తతంగమంతా స్నో పుస్తకంలోనే ఉంది. చదివినప్పుడు మనమే ఆ పేజీలు గబగబా దాటేసి లాంగ్ మార్చ్ దగ్గరికి వెళ్ళిపోయాం.

ఆ ప్రఖ్యాతమైన ఫొటో సంగతి కూడా చెప్పాలి. ఎర్ర నక్షత్రం టోపీ పెట్టుకుని, ఎండకి కొంచెం కళ్ళు చికిలించి చూస్తున్న నడివయసు మావో. గోడల మీదా, పుస్తకాల అట్టల మీదా చూసిందే. ఆ టోపీ మావోది కాదు, స్నోది. జుట్టు చెదిరి ఉందని స్నో తన తలమీది టోపీ తీసి మావో తలమీద పెట్టి ఫొటో తీశాడు. తర్వాత ఆ టోపీ బీజింగ్ మ్యూజియంలోకి చేరింది. బయటివాడు వచ్చి బొమ్మ తీసుకెళ్ళాడని అనుకుంటాం గానీ, బొమ్మలో టోపీ కూడా బయటివాడిదే.

ఇక్కడిదాకా స్నో మీద నాకు ఫిర్యాదు లేదు. అసలు ఫిర్యాదు ఇరవైనాలుగేళ్ళ తర్వాతి స్నో మీద.

1960లో ఆయన మళ్ళీ చైనా వెళ్ళాడు. అప్పటికి గ్రేట్ లీప్ ఫార్వర్డ్ మొదలై రెండేళ్ళు. పల్లెల్లో జనం ఆకలితో చచ్చిపోతున్నారు. 1959 నించి 61 దాకా ఎంతమంది పోయారన్న దాని మీద చరిత్రకారుల అంచనాలు కోటిన్నర దగ్గర మొదలై నాలుగున్నర కోట్ల దాకా వెళతాయి. స్నో ఐదు నెలలు తిరిగాడు. చౌ ఎన్ లైతో, మావోతో మాట్లాడాడు. తిరిగొచ్చి 1962లో 'ది అదర్ సైడ్ ఆఫ్ ది రివర్' అనే లావుపాటి పుస్తకం రాశాడు. చైనాలో కరువనేదే లేదని, తాను వెతికి మరీ చూశానని, ఆకలితో చస్తున్నవాళ్ళు కనబడలేదని అందులో రాశాడు.

స్నో అబద్ధాలకోరు కాదు. అలా అనేస్తే మన పని సులువైపోతుంది. ఆయన నిజంగానే వెతికాడు, నిజంగానే కనబడలేదు. పాతికేళ్ళ క్రితం తన కళ్ళని నమ్ముకుని ప్రపంచాన్ని ఒప్పించినవాడు, మళ్ళీ అవే కళ్ళని నమ్ముకున్నాడు. ఈసారి ఆ కళ్ళకి ఏం కనబడాలో నిర్ణయించేవాళ్ళు కొండగుహల్లోని తిరుగుబాటుదారులు కాదు. రైళ్ళూ, హోటళ్ళూ, ధాన్యం లెక్కలూ అన్నీ తమ చేతిలో ఉన్న ప్రభుత్వం.

మరి లోపలివాళ్ళకి తెలుసా? ఇక్కడే ఆ దేశపు పత్రికా పద్ధతి ఒకటి అర్థం చేసుకోవాలి. షిన్హువా వార్తాసంస్థ విలేఖరి రెండు రకాలుగా రాసేవాడు. జనం కోసం ఒక వార్త. పైవాళ్ళు చదవడానికి లోపలి నివేదిక ఇంకొకటి. పంట బ్రహ్మాండం అన్నది మొదటిదానిలో, ఫలానా జిల్లాలో జనం ఉబ్బి చస్తున్నారు అన్నది రెండోదానిలో. రెండో నివేదికలు కూడా ఎప్పుడూ నిజం చెప్పేవని కాదు. రాస్తే తల పోతుందేమోనన్న భయం అక్కడా ఉంటుంది. కానీ పద్ధతి అది. అందరికీ కనిపించేదాన్ని వార్త అనీ, నిజానికి దగ్గరగా ఉన్నదాన్ని రహస్యం అనీ పిలిచే ఏర్పాటు. విదేశీ యాత్రికుడికి అందేది మొదటిది మాత్రమే, అదీ ఫొటోలతో సహా.

యాంగ్ జిషెంగ్ ఈ ఏర్పాటు లోపల ముప్ఫయ్యేళ్ళకి పైగా బతికిన షిన్హువా విలేఖరి. 1959లో ఆయన స్కూల్లో చదువుతుండగా ఇంటి నించి కబురొస్తే పరిగెత్తుకు వెళ్ళాడు. తండ్రి ఆకలితో మంచం పట్టి ఉన్నాడు, మూడు రోజుల్లో పోయాడు. మళ్ళీ స్కూలుకి తిరిగొచ్చి, గ్రేట్ లీప్‌ని పొగుడుతూ రాశాడు. నాన్న పోవడం మా ఇంటి దురదృష్టం అనుకున్నానే తప్ప దేశమంతా ఇదే జరుగుతోందని తోచలేదని తర్వాత ఒప్పుకున్నాడు. 1990ల్లో ధాన్యం విధానాల మీద పరిశోధన అనే పేరుతో రాష్ట్రాల దస్తావేజులు తిరగేసి, 2008లో 'సమాధిరాయి' అనే పుస్తకం హాంకాంగ్‌లో అచ్చేయించాడు. చైనాలో అది ఇప్పటికీ దొరకదు. మూడు కోట్ల అరవై లక్షల మంది పోయారన్నది ఆయన లెక్క.

కన్నతండ్రి కళ్ళముందు పోయినా కొడుక్కే పూర్తి బొమ్మ కనబడలేదంటే, బయటి నించి ఐదు నెలలకి వచ్చినవాడికి కనబడలేదని మనం స్నోని తిట్టడంలో న్యాయం తక్కువ. అయినా ఒక తేడా ఉంది. యాంగ్ తాను చూసినదానిని అనుమానించి కాగితాల దగ్గరికి వెళ్ళాడు. స్నో తన కళ్ళే సాక్ష్యమన్నాడు.

ఇదే దేశానికి 1972లో ఇంకో అతిథి వెళ్ళాడు. ఇటలీ సినిమా దర్శకుడు ఆంటోనియోని. చైనా ప్రభుత్వమే పిలిచింది. ఐదు వారాలు తిరిగి మూడున్నర గంటలకి పైగా నడిచే డాక్యుమెంటరీ తీశాడు. దాని పేరు 'చుంగ్ కువో'. మాకు చూపించిందే చూశాం, మేము చైనాని అర్థం చేసుకున్నామని అనుకోవడం లేదు అనే ధోరణి ఆ సినిమా వ్యాఖ్యానంలోనే ఉంది. హోనాన్ కొండల్లో ప్రణాళికలో లేని ఒక ఊరికి వెళితే అక్కడి జనం కెమెరాని బిత్తరపోయి చూడ్డం, కొందరు పక్కకి తప్పుకోవడం, అవన్నీ తీసేయకుండా ఉంచాడు. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే గుర్తుండిపోయేవి ఆ ముఖాలే. మనం వాళ్ళని చూస్తున్నామా, వాళ్ళు మనల్ని చూస్తున్నారా అన్నది తేలదు.

ఫలితం? 1974 జనవరి 30న పీపుల్స్ డైలీ పేజీల కొద్దీ తిట్టింది. ఆ వ్యాసం ఇంగ్లీషులో చిన్న పుస్తకంగా కూడా వచ్చింది. అందులోని ఆరోపణలు సినిమా విమర్శకులు తప్పకుండా చదవాల్సినవి. నాన్‌జింగ్‌లో యాంగ్జీ నది మీద కట్టిన కొత్త వంతెనని కావాలని చెడ్డ కోణాల నించి తీసి, వంకరగా ఊగిపోతున్నట్టు చూపించాడట. దాని కింద ఆరేసిన బట్టలు చూపించాడట. తియానన్మెన్ చౌరస్తాని దాని ఘనత కనబడేలా మొత్తంగా తియ్యలేదట. అబద్ధం చూపించాడని వాళ్ళ అసలు బాధ కాదు. వంతెనా నిజమే, బట్టలూ నిజమే. ఏ కోణం నించి చూడాలో తామిచ్చిన సలహా పాటించలేదన్నది నేరం. చైనాలో ఆ సినిమాని బహిరంగంగా వేసింది ముప్ఫయ్యేళ్ళ తర్వాత, 2004లో.

ఇప్పుడు కొసరుగా వచ్చిన 'చైనా పిక్టోరియల్' తిరగేస్తే వింతగా మనసు తేలికపడింది. 1950లో మొదలైన ఈ పత్రిక చైనీస్ పేరుని మావోయే రాసిచ్చాడు. లోపల నవ్వే రైతులు, నవ్వే మిల్లు అమ్మాయిలు, నవ్వే పసివాళ్ళు, మెరిసే మొక్కజొన్న. ఇది ప్రచారం అని మొదటి పేజీలోనే తెలుసు. ఎవరు అచ్చువేశారో, ఎవరు డబ్బు పెట్టారో, ఎందుకు పెట్టారో అంతా అట్ట మీదే ఉంది. నాంపల్లి నుమాయిష్‌కి వెళ్ళినట్టే. గాంధీభవన్ పక్క గేటులోంచి లోపలికి పోయాక ఏ స్టాలు ఏ కంపెనీదో, ఏ ప్రభుత్వ శాఖదో బోర్డు ఉంటుంది. అటవీ శాఖ స్టాల్లో అడవి పచ్చగానే ఉంటుంది. అది చూసి రాష్ట్రంలో అడవులన్నీ పచ్చగా ఉన్నాయని ఎవరూ ఇంటికెళ్ళి చెప్పరు. చూసేవాడికి అది ఎగ్జిబిషన్ అని తెలుసు. మోసం ఎక్కడ మొదలవుతుందంటే, స్టాలు బోర్డు పీకేసి దాన్ని వీధిలో మామూలు ఇల్లులా నిలబెట్టినప్పుడు.

కాబట్టి నేనొక కొలబద్ద పెట్టుకున్నాను. చైనా వెళ్ళొచ్చినవాళ్ళ పుస్తకమైనా, ఏ దేశం వెళ్ళొచ్చినవాళ్ళదైనా, పక్కన నడిచిన మనిషి పుస్తకంలో కనబడాలి. కారు తెచ్చినవాడు, దుబాసీ, భోజనం పెట్టినవాడు, ఇక్కడ ఫొటో వద్దు అన్నవాడు. వాళ్ళు లేని యాత్రాకథలో రచయిత ఒక్కడే దేశమంతా తిరిగినట్టుంటుంది. అది కథ.

మనవాళ్ళ పుస్తకాలకి ఈ కొలబద్ద పెట్టి చూడండి. 1951, 52ల్లో మన దేశం నించి సద్భావన బృందాలు చైనా వెళ్ళాయి. 'బ్లిట్జ్' కరంజియా ఉప్పొంగిపోయి 'చైనా స్టాండ్స్ అప్' రాశాడు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 'చైనా కెన్ మేక్ ఇట్' అన్నాడు. ఫ్రాంక్ మొరేస్ వెళ్ళొచ్చి అనుమానాలతో 'రిపోర్ట్ ఆన్ మావోస్ చైనా' రాశాడు. ఇంచుమించు అవే ఏర్పాట్లు, అదే ఆతిథ్యం. పోయినవాడు పట్టుకెళ్ళిన చైనాయే తిరిగొచ్చింది. మన వైపు నించి శ్రీశ్రీ 'చైనా యానం' ఈ వరసలోదే. దాన్ని అభిమానంతో చదివినవాళ్ళూ, కోపంతో పక్కన పెట్టినవాళ్ళూ ఉన్నారు. పక్కన ఎవరు నడిచారు అనే ప్రశ్నతో చదవడం ఇంకా మిగిలే ఉంది. ఆ పని ఎవరైనా చేస్తే బాగుంటుంది.

ఈ ప్రశ్న మనకి పుస్తకాలతో ఆగేది కూడా కాదు. 1967 జులై 5న పీపుల్స్ డైలీ నక్సల్బరీని వసంత మేఘగర్జన అన్నప్పుడు, తర్వాత పెకింగ్ రేడియో శ్రీకాకుళం పేరెత్తినప్పుడు, ఇక్కడ కొందరికి అది ఆకాశవాణిలా వినిపించింది. ఆ వార్త రాసినవాళ్ళు శ్రీకాకుళం రాలేదు. ఇక్కణ్ణించి వెళ్ళిన కరపత్రాలే అక్కడ వార్తలై, మళ్ళీ మనకి ధ్రువీకరణలై తిరిగొచ్చాయి. చైనా చైర్మనే మా చైర్మన్ అన్న నినాదం తప్పని 1970లో బీజింగ్ వెళ్ళిన సౌరేన్ బోస్‌కి చౌ ఎన్ లై ముఖం మీదే చెప్పాడు. బయటికి మాత్రం ఆ మాట అనలేదు. రేడియో మెల్లగా మాట్లాడ్డం మానేసింది, అంతే. మళ్ళీ అదే పద్ధతి. జనానికి ఒకటి, లోపల ఒకటి. తేడా ఏమిటంటే, ఈసారి మొదటి వార్తని నమ్మి అడవిలోకి వెళ్ళినవాళ్ళు మన పిల్లలు.

ఇంతవరకు చదివి, చైనాని బాగా దులిపాడు అనుకునేవాళ్ళు కొంచెం ఆగాలి.

చైనాలో ప్రెస్‌మీట్‌కి వెళ్ళిన విలేఖరికి ఒక కవరు ఇస్తారు. అందులో రెండొందలో మూడొందలో యువాన్లు. దాని పేరు చమాఫేయ్, అంటే బండీ గుర్రం ఖర్చులు. ఇప్పుడు బండీ లేదు, గుర్రమూ లేదు, కవరు ఉంది. 1980ల మధ్యలో పెద్ద పెద్ద అమెరికన్ పీఆర్ కంపెనీలు బీజింగ్ వచ్చాయి. వాటిలో బర్సన్ మార్‌స్టెల్లర్ సాయంతో అక్కడ మొదటి దేశీ పీఆర్ కంపెనీ పెట్టింది ఎవరో కాదు, షిన్హువా వార్తాసంస్థే. వార్త రాసేవాడూ, వార్త రాయించేవాడూ ఒకే ఇంటివాళ్ళు. అక్కడ పనిచేసిన పాశ్చాత్య పీఆర్ వాళ్ళు ఈ కవరు గురించి ముక్కు మీద వేలేసుకుని చెబుతారు. చెబుతూనే తమ క్లయింటు ఖర్చుల పద్దులో దాన్ని ప్రయాణ ఖర్చు కింద వేస్తారు.

నేను ముక్కు మీద వేలేసుకోలేను. తొంభైల్లో ఒక పేపర్లో కొత్తగా చేరినప్పుడు, అబిడ్స్‌లో ఒక హోటల్లో జరిగిన ప్రెస్‌మీట్‌కి నన్ను పంపారు. టేకు మొక్కల కంపెనీ. యూనిట్ కొనుక్కుంటే ఇరవయ్యేళ్ళకి లక్షలు. ఫోల్డర్‌లో ప్రెస్‌నోటు, పెన్ను, పెన్ను కింద తెల్ల కవరు. అందరూ తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. ఐదు వందలు. నాంపల్లి స్టేషన్ దాకా నడిచి, ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఆ ప్రెస్‌నోటుని తెలుగులోకి మార్చాను. మర్నాడు దాదాపు ఉన్నదున్నట్టే వచ్చింది. కంపెనీ తర్వాత బోర్డు తిప్పేసింది. మా పిన్ని పక్కింటివాళ్ళు అందులో డబ్బు కట్టారు. "నువ్వు రాసిందేగా, పేపర్లో చూశామని కట్టారు" అంది పిన్ని. కోప్పడలేదు. కాఫీ ఇస్తూ అంది. నేను ఆ మొక్కల్ని చూళ్ళేదు. చూశానని వార్తలో ఎక్కడా లేదు. చూడలేదని కూడా లేదు.

ఇది నా ఒక్కడి కథా కాదు. 2009 ఎన్నికలప్పుడు అభ్యర్థుల ప్రకటనలు వార్తల వేషంలో వస్తున్నాయని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరిలో సర్వే చేసింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా ఒకరు, మన కె. శ్రీనివాస రెడ్డి ఇంకొకరు. వాళ్ళు 2010లో పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. ప్రెస్ కౌన్సిల్ ఆ పేర్లు తీసేసి కుదించిన నివేదికని బయటపెట్టింది. పూర్తి పాఠం అందరికీ అందడానికి సమాచార హక్కు దారిలో 2011 దాకా పట్టింది. జనానికి ఒకటి, లోపల ఒకటి. ఎక్కడో విన్నట్టు లేదూ?

పెయిడ్ న్యూస్ అంటే ఏమిటో ఇంతకంటే సులువుగా చెప్పలేను: స్టాలు బోర్డు పీకేసిన ఎగ్జిబిషన్. మనకీ వాళ్ళకీ తేడా లేదని అనడం లేదు. ఉంది, పెద్ద తేడాయే. ఇక్కడ ఆ 71 పేజీలు చివరికి బయటికొచ్చాయి. యాంగ్ పుస్తకం వాళ్ళ ఊళ్ళో ఇంకా బయటికి రాలేదు. ఆ తేడా విలువైంది. విలువైంది గనకే అదెలాగూ ఉంటుందిలే అని కూర్చోకూడదు.

నా కొలబద్దకి ఒక లోపం ఉందని కూడా ఒప్పుకోవాలి. 1960ల స్నో పక్కన నడిచినవాళ్ళని దాచలేదు. అధికారుల పేర్లు, దుబాసీలు, రైళ్ళు అన్నీ రాశాడు. అయినా పొరబడ్డాడు. అంటే పక్కన ఎవరు నడిచారో చెప్పడం ఒక్కటే చాలదు. వాళ్ళు లేకుండా ఏది సరిచూసుకున్నావు అని రెండో ప్రశ్న కూడా అడగాలి. ఇక్కడే ఆ యాడ్ కంపెనీ క్రో నాకు పనికొస్తాడు. ఆయన ఎవరి చిరునవ్వునీ నమ్మడు. సరుకు అమ్ముడైందా లేదా అని చిట్టా చూస్తాడు. యాంగ్ ధాన్యం చిట్టాలు చూశాడు. స్నోకి 1960లో ఏ చిట్టా దొరకలేదు. దొరకనప్పుడు లేదు అనకుండా, నాకు తెలియదు అని రాసి ఉంటే ఆయన రెండో పుస్తకం కూడా మొదటిదంత గొప్పదయ్యేది.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటే, చైనా గురించి మనకి తెలిసే దారులు మూసుకుపోతున్నాయి గనక. 2023 జూన్‌లో బీజింగ్‌లో చివరిగా మిగిలిన భారతీయ విలేఖరినీ వెళ్ళిపొమ్మన్నారు. మనవాళ్ళూ చైనా విలేఖరుల వీసాలు పొడిగించలేదు. మిగిలింది రెండే. శత్రుదేశం అని ఊగిపోయే చర్చలు ఒకవైపు, మెరిసే రైళ్ళనీ డ్రోన్లనీ చూపించి నోరెళ్ళబెట్టించే పర్యాటకుల వీడియోలు ఇంకోవైపు. రెండింట్లోనూ పక్కన నడిచినవాడు కనబడడు. ఎవరు టికెట్ కొన్నారో తెలియదు.

క్రో పుస్తకానికి కొత్త అట్ట వేయించాను. స్నోవి రెండు ప్రతులయ్యాయి కాబట్టి ఒకటి మళ్ళీ అబిడ్స్‌కే చేరుతుంది. చైనా పిక్టోరియల్ నాలుగూ మాత్రం ఎవరికీ ఇవ్వను. వాటిలో మొక్కజొన్న కంకులు పట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి ఉంది. పేరు లేదు. ఆ రోజు ఆమెని నవ్వమన్నదెవరో, ఆ సాయంత్రం ఇంట్లో ఏం తిన్నదో ఆ పత్రిక చెప్పదు. చెబుతానని కూడా అనలేదు.